అమానత్ బరువెరిగిన మనిషి – మౌలానా ముహమ్మద్ ఖాసిం నానోతవీ (రహ్మలై)

మన ఊళ్లలో మస్జిద్‌కు కమిటీ ఉంటుంది, మదరసాకు కమిటీ ఉంటుంది, ఖబరస్తాన్‌కు కూడా కమిటీ ఉంటుంది. సదర్, సెక్రటరీ, ఖజాంచీ అని ముగ్గురి పేర్లు రసీదు పుస్తకం మీద అచ్చయి ఉంటాయి. మిగతా సభ్యులెవరో జమాఅత్‌లో చాలామందికి తెలియదు. కొన్నిచోట్ల తాము సభ్యులమన్న సంగతి ఆ సభ్యులకే గుర్తుండదు. లెక్కలన్నీ సదర్ సాహెబ్ చొక్కా జేబులోని డైరీలో ఉంటాయి. ఆయన నిజాయితీపరుడే, ఐదు పూటలా మొదటి వరుసలో నిలబడేవారే. కానీ ఆయన కన్నుమూసిన రోజున ఆ డైరీ ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మేము తిరిగిన ఊళ్లలో ఈ పరిస్థితిని ఎన్నోసార్లు చూశాం. దొంగల వల్ల పాడైన సంస్థల కన్నా, ఎవరినీ సలహా అడగని మంచివాళ్ల వల్ల పాడైన సంస్థలే ఎక్కువేమోనని మాకు అనిపిస్తుంది.

అందుకే ఈ నెల ఒక మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాం. ఆయన గొప్ప పండితుడని అందరికీ తెలుసు. దారుల్ ఉలూమ్ దేవ్‌బంద్ స్థాపకుల్లో ఒకరని కూడా తెలుసు. ఒక ధార్మిక సంస్థను ఎలా నడపాలో, దాన్ని నడిపేవారి చేతులకు ఎక్కడ పగ్గం వేయాలో ఆలోచించి, ఎనిమిది చిన్న నియమాలుగా రాసిపెట్టిన వ్యక్తిగా మాత్రం ఆయన్ని గుర్తుచేసుకునేవారు తక్కువ.

మౌలానా ముహమ్మద్ ఖాసిం హిజ్రీ 1248లో, అంటే 1833 ప్రాంతంలో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ జిల్లా నానోతా అనే కస్బాలో జన్మించారు. తండ్రి పేరు షేఖ్ అసద్ అలీ. చిన్నతనంలో దేవ్‌బంద్‌లోనూ సహారన్‌పూర్‌లోనూ చదువుకున్నారు. తర్వాత తమ ఊరివారే అయిన మౌలానా మమ్లూక్ అలీ వెంట ఢిల్లీ వెళ్లారు. మమ్లూక్ అలీ ఢిల్లీ కాలేజీలో అరబీ బోధించేవారు. అక్కడే మౌలానా రషీద్ అహ్మద్ గంగోహీతో పరిచయమైంది, ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. హదీసు విద్యను షాహ్ అబ్దుల్ గనీ ముజద్దిదీ వద్ద నేర్చుకున్నారు.

చదువు ముగిశాక ఆయన ఎంచుకున్న ఉద్యోగం చూడండి. మౌలానా అహ్మద్ అలీ సహారన్‌పురీ ఢిల్లీలో నడిపిన మత్బఎ అహ్మదీ అనే అచ్చు యంత్రాలయంలో ప్రూఫులు దిద్దే పని! సహీహ్ బుఖారీ ముద్రణ అక్కడ జరుగుతున్నప్పుడు, చివరి భాగాలకు పాదవివరణలు రాసే బాధ్యతను ఉస్తాద్ ఈ యువకుడికే అప్పగించారు. ఇంత కుర్రవాడికి అంత పనా అని కొందరు ముఖం చిట్లించారట. పని చూశాక నోరు మెదపలేదు. తర్వాతి రోజుల్లో మీరట్‌లో కూడా ఆయన ఇదే వృత్తిలో ఉన్నారు. ధర్మవిద్యను జీతానికి అమ్ముకోకూడదన్నది ఆయన పట్టుదల. అచ్చుతప్పులు దిద్ది సంపాదించిన కొద్దిపాటి వేతనంతో ఇల్లు గడుపుకొని, పాఠం మాత్రం ఉచితంగా చెప్పేవారు. సాదా లుంగీ, ముతక చొక్కా. చూసినవారు ఆలిమ్ అనుకునేవారు కాదు. ఆయనకూ అదే కావాలి.

1857 తిరుగుబాటు వచ్చింది. హాజీ ఇమ్దాదుల్లాహ్ నాయకత్వంలో థానా భవన్ ఉలమా ఆంగ్లేయులకు ఎదురు నిలిచారు. షామ్లీలో జరిగిన పోరులో హాఫిజ్ ముహమ్మద్ జామిన్ అమరులయ్యారు. ఆ తర్వాత హాజీ ఇమ్దాదుల్లాహ్ మక్కాకు వలస వెళ్లారు, మౌలానా గంగోహీ జైలు పాలయ్యారు. మౌలానా ఖాసిం కోసం కూడా పోలీసులు వెతికారు. ఆప్తుల ఒత్తిడి మీద మూడు రోజులు మాత్రం దాక్కొని, ఆపై బయటికి వచ్చి తిరగసాగారని చెబుతారు. దైవప్రవక్త (సఅసం) సౌర్ గుహలో ఉన్నది మూడు రోజులే, అంతకు మించి దాక్కోవడం తనకు తగదన్నది ఆయన భావన.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. ఆ తిరుగుబాటు తర్వాత పోయింది బాద్‌షాహీ ఒక్కటే కాదు. ఉత్తర హిందూస్థాన్‌లో అప్పటివరకు మదరసాలు జాగీర్ల మీద, వక్ఫ్ భూముల మీద, నవాబుల దాతృత్వం మీద నడిచేవి. ఒక నవాబు మదరసా కట్టించేవాడు, ఒక ఊరి ఆదాయం దానికి రాసిచ్చేవాడు. ఉస్తాద్‌కు జీతం వచ్చేది, విద్యార్థికి రొట్టె దొరికేది. ఎవరూ ఎవరినీ లెక్క అడిగేవారు కారు. నవాబు కూలినప్పుడు మదరసా కూడా కూలింది. తరతరాలుగా హదీసు పాఠాలతో మార్మోగిన ఢిల్లీ మూగబోయింది. మళ్లీ మొదలుపెట్టాలంటే ఎవరిని అడగాలి? నవాబులు లేరు. ఉన్నవారు కొత్త ప్రభుత్వం మెప్పు కోసం పాకులాడుతున్నారు.

జవాబు ఒక చేతిరుమాలులో దొరికింది. దేవ్‌బంద్‌లోని ఛత్తా మస్జిద్‌లో ఉండే హాజీ ఆబిద్ హుసైన్ ఒకరోజు ఉదయం రుమాలును జోలెలా చేసి, ముందుగా తన వంతు మూడు రూపాయలు అందులో వేసి, ఇంటింటికీ బయల్దేరారని చెబుతారు. సాయంత్రానికి వందల రూపాయలు పోగయ్యాయి. అవి జమీందారు ఇచ్చిన డబ్బులు కావు. దర్జీలు, దుకాణదారులు, చిన్న ఉద్యోగులు ఇచ్చినవి. మీరట్‌లో ఉన్న మౌలానా ఖాసింకు కబురు వెళ్లింది. ఆయన ముల్లా మహ్మూద్ అనే ఉస్తాద్‌ను నెలకు పదిహేను రూపాయల జీతం మీద పంపించారు. హిజ్రీ 1283 ముహర్రం 15న, అంటే 1866 మే నెలాఖరున, ఛత్తా మస్జిద్ ఆవరణలోని దానిమ్మ చెట్టు నీడన మదరసా ప్రారంభమైంది. ఉస్తాద్ పేరు మహ్మూద్, మొదటి విద్యార్థి పేరు కూడా మహ్మూదే. ఆ పిల్లవాడే తర్వాతి కాలంలో షేఖుల్ హింద్ మౌలానా మహ్మూద్ హసన్‌గా ప్రసిద్ధి చెందారు.

గమనించాల్సిన విషయం ఒకటుంది. మదరసాకు గది లేదు, పుస్తకాల బీరువా లేదు, కానీ సలహా మండలి (మజ్లిసె షూరా) మాత్రం మొదటి నుంచే ఉంది. హాజీ ఆబిద్ హుసైన్, మౌలానా ఖాసిం, మౌలానా జుల్ఫిఖార్ అలీ, మౌలానా ఫజ్లుర్రహ్మాన్, మౌలానా మెహ్‌తాబ్ అలీ, మున్షీ ఫజ్లె హఖ్, షేఖ్ నిహాల్ అహ్మద్ అందులో సభ్యులు. వీరిలో మౌలానా జుల్ఫిఖార్ అలీ, మౌలానా ఫజ్లుర్రహ్మాన్ ప్రభుత్వ విద్యాశాఖలో డిప్యూటీ ఇన్‌స్పెక్టర్లుగా పనిచేసినవారు. పాఠశాలల తనిఖీ ఎలా జరుగుతుందో, రిజిస్టర్ ఎలా ఉంచాలో వారికి తెలుసు. బోధనాక్రమం, తరగతులు, వార్షిక పరీక్షలు, జీతం పుచ్చుకునే ఉస్తాదులు, ఏటా అచ్చయ్యే నివేదిక (రూదాద్) అన్నీ ఆ మదరసాలో త్వరగానే కుదురుకున్నాయి. రూదాద్‌లో దాతల పేర్లు, వారిచ్చిన మొత్తాలు ఉండేవి. డబ్బే కాదు, పుస్తకం ఇచ్చినా, ధాన్యం ఇచ్చినా నమోదయ్యేది. తొలి సంవత్సరాల జాబితాల్లో హిందూ సోదరుల పేర్లు కూడా కనిపిస్తాయి. బయటి ఊళ్ల విద్యార్థులకు దేవ్‌బంద్ ఇళ్లవారు వంతులవారీగా అన్నం పెట్టేవారు. ఊళ్లో ఎవరి రొట్టె ఎవరి కడుపులోకి వెళ్తోందో అందరికీ తెలుసు కాబట్టి, మదరసా ఎలా నడుస్తోందో కూడా అందరూ పట్టించుకునేవారు.

మౌలానా ఖాసిం ఈ సంస్థకు మార్గదర్శి. కానీ ముహ్తమిమ్ (నిర్వాహకుడు) పదవిని ఆయన ఏనాడూ తీసుకోలేదు. మొదట హాజీ ఆబిద్ హుసైన్, తర్వాత మౌలానా రఫీఉద్దీన్ ఆ బాధ్యత మోశారు. ప్రధాన ఉస్తాద్‌గా మౌలానా యాఖూబ్ నానోతవీ ఉన్నారు. మౌలానా ఖాసిం మదరసా నుంచి జీతం తీసుకోలేదు. మదరసా కలం, సిరాతో సొంత ఉత్తరం రాయాల్సి వస్తే ఆ సిరాకు తగిన డబ్బు ఖజానాలో వేసేవారని చెబుతారు. సిరా చుక్క ఖరీదెంత? అది కొన్నవారు దర్జీలు, దుకాణదారులు. వారు ఇచ్చింది ఆయన ఉత్తరాల కోసం కాదు.

ఇప్పుడు ఆ ఎనిమిది నియమాల సంగతి. ఉర్దూలో ఉసూలె హష్త్‌గానా అంటారు. చదవడానికి పది నిమిషాలు చాలు. మొదటి రెండూ చందా గురించి, విద్యార్థుల భోజనం గురించి. విరాళాలు పెరగడానికి మదరసా పనివారు తామూ పాటుపడాలి, ఇతరులనూ ప్రోత్సహించాలి. విద్యార్థుల భోజన వసతి తగ్గకుండా చూడాలి, వీలైతే పెంచాలి. నాలుగవది ఉస్తాదుల మధ్య ఏకభావం గురించి, ఐదవది నిర్ణయించిన పాఠ్యభాగం పూర్తి చేయడం గురించి. వీటిని ఎవరైనా రాయగలరు.

మూడవ నియమం అలా కాదు. సలహాదారులు ఎప్పుడూ మదరసా మేలునే దృష్టిలో పెట్టుకోవాలి, తమ మాటే నెగ్గాలని పట్టుబట్టకూడదు అని మౌలానా అందులో నిర్దేశించారు. తన అభిప్రాయానికి ఎదురుచెప్పడాన్ని సలహాదారులు సహించలేని రోజు వస్తే మదరసా పునాది కదులుతుందని హెచ్చరించారు. సలహా చెప్పేవాడు సంకోచం లేకుండా చెప్పాలి, వినేవాడు మంచి మనసుతో వినాలి. ఎదుటివాడి మాట సబబని తోస్తే, అది మన మాటకు వ్యతిరేకమైనా సంతోషంగా ఒప్పుకోవాలి.

అంతటితో ఆగలేదు. ముహ్తమిమ్‌ను కూడా కట్టేశారు. సలహా అవసరమైన విషయాల్లో ముహ్తమిమ్ తప్పనిసరిగా సంప్రదించాలి. మండలి సభ్యులనే కాదు, మదరసా మేలు కోరే తెలివైన వ్యక్తి బయటి నుంచి వచ్చినా అడగవచ్చు. ఆపై మరో మెలిక పెట్టారు. ఏదైనా కారణం వల్ల సభ్యులందరినీ అడగడం వీలుకాక, తగినంతమందిని అడిగి ముహ్తమిమ్ పని చేస్తే, తనను అడగలేదన్న కారణంతో ఏ సభ్యుడూ అలగకూడదు. అసలు ఎవరినీ అడగకుండా చేస్తే మాత్రం ప్రతి సభ్యుడికీ అభ్యంతరం చెప్పే హక్కు ఉంది.

ఈ చివరి భాగం చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే సిగ్గు వేసింది. కమిటీల్లో గొడవలన్నీ దాదాపు ఈ రెండు కారణాలతోనే మొదలవుతాయి. ఒకటి, పెద్దాయన ఎవరినీ అడగకుండానే మినార్ కట్టడానికి కాంట్రాక్టు ఇచ్చేస్తారు. రెండు, పనంతా సవ్యంగా జరిగినా ఒక సభ్యుడు తనకు ఫోను చేయలేదని జుమా నమాజ్‌కు వేరే మస్జిద్‌కు వెళ్లిపోతాడు. నూట యాభై ఏళ్ల క్రితమే మౌలానా ఈ ఇద్దరినీ చూశారన్నమాట!

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని దివ్య ఖుర్ఆన్ అష్షూరా సూరాలో తెలియజేస్తోంది. ఉహుద్ సందర్భంలో దైవప్రవక్త (సఅసం) మదీనాలోనే ఉండి పోరాడదామని భావించినా, బయటికి వెళ్దామన్న సహచరుల మాటను మన్నించారు. వహీ అందుకునే మహనీయుడే తన అభిప్రాయాన్ని పక్కన పెట్టగలిగినప్పుడు, మస్జిద్ సదర్‌కు ఎంతపాటి అభిప్రాయముంటుంది? మౌలానా మూడవ నియమానికి వేరు ఇక్కడే ఉంది.

ఆరు, ఏడు, ఎనిమిది నియమాలు డబ్బు గురించి. ఇవి మొదటిసారి చదివేవారికి వింతగా అనిపిస్తాయి. మదరసాకు స్థిరమైన ఆదాయం లేనంతకాలం అల్లాహ్ దయతో అది నడుస్తుందని మౌలానా విశ్వాసం. జాగీరు, కర్మాగారం, వ్యాపారం, ఎవరైనా ధనికుడి గట్టి వాగ్దానం లాంటివి దొరికితే అల్లాహ్ వైపు మరలించే భయమూ ఆశా పోతాయి, అదృశ్య సహాయం ఆగిపోతుంది, పనివారి మధ్య కలహాలు మొదలవుతాయి. ప్రభుత్వం, ధనవంతులు జోక్యం చేసుకోవడం ఎక్కువ హాని. పేరు ఆశించకుండా ఇచ్చేవారి చందాలో బర్కత్ ఎక్కువ.

ఆర్థిక శాస్త్రం తెలిసినవారు దీన్ని ఒప్పుకోకపోవచ్చు. మన దగ్గర కూడా దుకాణాల అద్దె మీద హాయిగా నడుస్తున్న మస్జిద్‌లు ఉన్నాయి. వాటిని మూసేయమని మేమూ అనం. అయితే ఆయన భయం ఎక్కడుందో చూడాలి. అద్దె నెలనెలా వచ్చే చోట కమిటీ వారు జమాఅత్ ముందు నిలబడి చేయి చాచాల్సిన పని ఉండదు. చేయి చాచనివారు లెక్క కూడా చెప్పరు. నాలుగణాలు ఇచ్చినవాడు ప్రశ్న వేస్తాడు. ఒక్కడే నాలుగు లక్షలు ఇస్తే ప్రశ్నలు వేసే హక్కు ఆ ఒక్కడికే పోతుంది. నవాబుల మదరసాలు కూలడం కళ్లారా చూసిన మనిషి రాసిన మాటలివి.

ఆయన ఈ నియమాలను కాగితం మీదే ఉంచారా, పాటించారా? ఒక సంఘటన చెప్పుకోవాలి. విద్యార్థులు పెరిగాక మదరసాకు సొంత భవనం కావాలన్న ఆలోచన వచ్చింది. హాజీ ఆబిద్ హుసైన్‌కు అది నచ్చలేదు. అప్పటికే దేవ్‌బంద్ జామె మస్జిద్ ఆయన శ్రమతో కట్టినది, అందులోనే విద్యార్థులకు గదులున్నాయి. వేరే భవనం ఎందుకు, చందా డబ్బు ఇటుకల పాలు చేయడమెందుకు అన్నది ఆయన వాదన. అది తప్పు వాదన కాదు. మౌలానా ఖాసిం మాత్రం రాబోయే కాలాన్ని చూసి విశాలమైన స్థలం కావాలన్నారు. పునాది వేసే రోజు వచ్చింది, హాజీ సాహెబ్ రాలేదు. మౌలానా ఆయన్ని వెతుక్కుంటూ ఛత్తా మస్జిద్‌కు వెళ్లారు. పెద్దవారైన మీరు అలిగితే చిన్నవాళ్లం ఏమైపోతామన్న ధోరణిలో బతిమాలారు. ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకున్నారని, హాజీ సాహెబ్ లేచి వెంట వచ్చారని అక్కడి పెద్దలు చెప్పుకుంటారు. 1876లో పునాది పడింది. మౌలానా ఉన్న స్థితిలో మన కాలపు నాయకుడెవరైనా ఉంటే ఏం చేసేవాడు? మెజారిటీ మనదే కదా అని హాజీ సాహెబ్ లేకుండానే ఇటుక పెట్టించేవాడు. ఫోటో కూడా దిగేవాడు.

మిగతా జీవితాన్ని క్లుప్తంగా చెబుతాం. 1876, 1877 సంవత్సరాల్లో షాజహాన్‌పూర్ దగ్గర చాందాపూర్‌లో జరిగిన ధర్మచర్చల్లో పాల్గొని ఇస్లాం పక్షాన మాట్లాడారు. రెండవ ఏడాది స్వామి దయానంద సరస్వతి కూడా అక్కడికి వచ్చారు. వితంతు వివాహాన్ని అవమానంగా చూసే దురాచారాన్ని తొలగించడానికి వయసు మళ్లిన తన సొంత అక్కయ్య పునర్వివాహంతోనే ఆరంభించారు. మురాదాబాద్ తదితర చోట్ల మదరసాల స్థాపనకు ప్రోత్సాహమిచ్చారు. హిజ్రీ 1297 జుమాదల్ ఊలా 4న, 1880 ఏప్రిల్ 15న దేవ్‌బంద్‌లో పరమపదించారు. అప్పటికి నలభై ఏడేళ్లు. ఆయన పోయిన మర్నాడు కూడా మదరసా తలుపులు తెరుచుకున్నాయి, పాఠాలు సాగాయి.

కొన్నేళ్లకు ఆయన కుమారుడు హాఫిజ్ ముహమ్మద్ అహ్మద్ ముహ్తమిమ్ అయ్యారు. ఆ కాలంలో హైదరాబాద్ సంస్థానం నుంచి దారుల్ ఉలూమ్‌కు నెలవారీ సాయం అందేది. హాఫిజ్ సాహెబ్ కొంతకాలం నిజాం ప్రభుత్వంలో ముఫ్తీగా కూడా ఉన్నారు. 1928లో హైదరాబాద్ నుంచి తిరిగి వెళ్తూ నిజామాబాద్‌లో మరణించారు. హైదరాబాద్‌లోనే ఆయన సమాధి ఉంది. ఏడవ నియమం ప్రకారం ఆ సాయం పుచ్చుకోవచ్చా లేదా అని మేము తీర్పు చెప్పబోవడం లేదు. ప్రశ్న మాత్రం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు.

మూడవ నియమానికి అసలు పరీక్ష ఇంకా తర్వాత వచ్చింది. మౌలానా మనుమడు ఖారీ ముహమ్మద్ తయ్యిబ్ యాభై ఏళ్లకు పైగా ముహ్తమిమ్‌గా ఉన్నారు. గొప్ప వక్త, సౌమ్యుడు. ఆయన హయాంలో సంస్థ ఎంతో విస్తరించింది. 1980 మార్చిలో శతాబ్ది సభ జరిగింది, దేశ విదేశాల నుంచి లక్షలాదిమంది తరలివచ్చారు. ఆ వెంటనే పేచీ మొదలైంది. అంతిమ అధికారం ముహ్తమిమ్‌దా, షూరాదా? ఒకవైపు ఆయన మీద గౌరవంతో నిలిచినవారు, మరొకవైపు షూరా మాటే చెల్లాలన్నవారు. ఇరువైపులా ఉలమాలే, ఇరువైపులా మౌలానా ఖాసిం పేరు గౌరవంగా తలచేవారే. చదువులు ఆగాయి, విద్యార్థులు ఆవరణ వెలుపల శిబిరంలో ఉన్నారు. 1982లో సంస్థ షూరా పక్షం చేతికి వెళ్లింది, రెండవ పక్షం వారు దేవ్‌బంద్‌లోనే వక్ఫ్ దారుల్ ఉలూమ్ పేరుతో మరో విద్యాలయం స్థాపించుకున్నారు. ఎవరిది ఎంత తప్పో తేల్చే అర్హత మాకు లేదు. ఒక మనిషి ఎంత మంచివాడైనా యాభై ఏళ్లు ఒకే కుర్చీలో ఉంటే, ఆయనకు ఎదురుచెప్పడం చుట్టూ ఉన్నవారికి అలవాటు తప్పిపోతుంది. అలవాటు తప్పిన మాట ఒకరోజు బయటికి వచ్చినప్పుడు మాటలా రాదు, పోట్లాటలా వస్తుంది.

మరుసటి ఏడాది, 1983 జూలైలో, ఖారీ తయ్యిబ్ సాహెబ్ మరణించారు. మజారె ఖాసిమీ అనే ఆ ఖబరస్తాన్‌లో మౌలానా ఖాసిం ఉన్నారు, దానిమ్మ చెట్టు కింద మొదటి పాఠం చదివిన మౌలానా మహ్మూద్ హసన్ ఉన్నారు. ఖారీ సాహెబ్‌ను కూడా అక్కడికే తీసుకెళ్లి, తాతగారి చెంతనే ఖననం చేశారు.